ఓడిన ఆటల పుస్తకము



చదరంగమును గూర్చి ప్రసంగింప గూర్చున్నవారు సాధారణముగా తాము గెలిచిన ఆటలను గూర్చియే చెప్పుదురు. మేము నేడు ఓడిన ఆటలను గూర్చి చెప్పదలచితిమి. ఇందు వినయమేమియు లేదు. చెప్పుకొనదగిన గెలుపులు మాకు కొలదిగా కలవు; ఓటములు మాత్రము కావలసినన్ని కలవు. ఉన్న సరకునే గదా అంగడిలో పెట్టవలెను!

మేము చదరంగమున పండితులము కాము. ఏ పోటీలోను బహుమతి నందినవారము కాము. పనిదినములలో రేడియో కేంద్రమున ఇతరుల ప్రసంగములను దిద్దుట, వేళకు ప్రసారమగునట్లు చూచుట మా వృత్తి. ఆదివారము సాయంకాలము మాత్రము మా వీథిలోనే కాపురమున్న ఒక లెక్కల మాస్టారి అరుగుమీద చదరంగపు బల్ల ముందు కూర్చుందుము. ఆయన ఉద్యోగమునుండి విరమించి చాల కాలమైనది. ఇరువది యేండ్లుగా ఆయనతో ఆడుచున్నాము. ఇరువది యేండ్లుగా ఓడుచున్నాము. ఎప్పుడైన నొకనాడు గెలిచినచో, ఆ రాత్రి భోజనమువేళ ఇంటిల్లిపాదికిని ఆ సంగతి రెండు మారులు చెప్పుదుము.

మా వలెనే ఆడువారు మన యిండ్లలో వేలకొలది యుందురు. మీ యింటిలో గూడ అటకమీదనో అలమరలోనో ఒక చదరంగపు బల్ల యుండియే యుండును. ఒక గుఱ్ఱమునకు చెవి విరిగియుండును. పోయిన బంటునకు బదులు ఒక చింతగింజయో చొక్కా బొత్తామో పని చేయుచుండును. అట్టివారి నుద్దేశించియే మా యీ నాలుగు మాటలు.

ఓడినవెంటనే మేము చేయుచు వచ్చిన పని యొకటి కలదు. మాస్టారు "షా, ఆటకట్టు" అనగనే, అరచేతితో పావులన్నిటిని ఒక్కమారుగా కలిపివైచి, "ఇంకొక ఆట వేయండి, మాస్టారూ" అందుము. కారణములు సిద్ధముగా నుండెడివి. ఆ దినమున తలనొప్పి. ప్రక్కింటివారి పిల్లల అల్లరి. దీపపు వెలుతురు చాలదు. మాస్టారి ఎత్తు ఊరక తగిలినదేగాని ఆలోచించి వేసినది కాదు. ఒకనాడు మేము పావులను కలిపిన వేగమునకు మంత్రి యెగిరి వీథి కాలువ అంచున పడెను. మాస్టారు దిగి దానిని తెచ్చి, పంచె కొంగుతో తుడుచుచు, "నాయనా, ఆట పోతే పోయింది. పావులేం చేశాయి పాపం?" అనిరి. మేము నవ్వి ఊరకుంటిమి. ఆ మాటలోని యర్థము మాకు అప్పుడు తోచలేదు.

విచిత్రమేమనగా, మా వృత్తిలో మేము దీనికి సరిగా విరుద్ధమైన పని చేయుదుము. కేంద్రమున ప్రతి యుదయము అందరమును సమావేశమై, నిన్నటి ప్రసారములలో జరిగిన లోపములను చెప్పుకొందుము. ఒకరు మాట తడబడిరి, ఒక పాట అర నిమిషము ఆలస్యముగా మొదలయ్యెను, ఒక పేరు తప్పుగా పలుకబడెను. ఏది యెట్లు జరిగెనో, మఱల జరుగకుండుటకు ఏమి చేయవలెనో విచారింతుము. నోటినుండి వెలువడిన మాటను వెనుకకు తీసికొనుట మాకు సాధ్యము కాదు. ముట్టిన పావును కదపక మానుట చదరంగములో సాధ్యము కాదు. రెండింటికిని నియమ మొక్కటియే. అయినను, ప్రతి యుదయము ఇతరుల తప్పులకై చేయు పనిని ఆదివారమునాడు మా తప్పులకై చేయవలెనని ఇరువది యేండ్లు మాకు తట్టనేలేదు.

అది తట్టించినది మా అమ్మాయి.

ఆమెకు పదునొకండేండ్లు. మేము నేర్పిన ఆటయే. జిల్లా స్థాయిలో బడిపిల్లలకు జరిగిన ఒక పోటీకి ఆమెను తీసికొనిపోయితిమి. అట్టి పోటీలలో ఆడువారు ప్రతి యెత్తును ఒక కాగితముపై వ్రాసికొనవలెను. మూడు ఆటలు గెలిచి, నాలుగవ ఆటలో ఓడి బయటకు వచ్చెను. కన్నీరు పెట్టలేదు. మమ్ము చూచి, చేతిలోని కాగితమును నిదానముగా నాలుగు ముక్కలు చేసి సంచిలో పడవైచెను. తరువాతి ఆటయు ఓడెను. తిరిగి వచ్చునపుడు బస్సులో మెల్లగా అడిగితిమి: "కాగితం ఎందుకు చించావమ్మా?"

"ఓడిపోయిన ఆట కదా నాన్నగారూ, దాచుకుని ఏం చేయాలి? మీరు కూడా పావులన్నీ కలిపేస్తారుగా!"

ఆమె మమ్ము ఎత్తిపొడుచుటకు ఆ మాట అనలేదు. అది చదరంగపు నియమములలో నొకటియని నమ్మియే అన్నది. గుఱ్ఱము రెండున్నర గడులు దాటును. బంటు వెనుకకు రాదు. ఓడినవాడు పావులు కలిపివేయును. మొదటి రెండును మేము నోటితో నేర్పితిమి. మూడవది చేతితో నేర్పితిమి. బస్సు ఊరు చేరువఱకు మాకు మఱి మాట రాలేదు.

ఆ రాత్రి ఆమె నిద్రించిన పిమ్మట సంచిలోని కాగితపు ముక్కలు తీసితిమి. మూడు దొరకినవి, నాలుగవది దొరకలేదు. ఒక క్రొత్త నోటుపుస్తకము మొదటి పుటమీద ఆ మూడింటిని అన్నముమెతుకులతో అతికితిమి. పుస్తకముపై "ఓడిన ఆటలు" అని వ్రాసితిమి. మఱునాడు అమ్మాయి దానిని చూచి మొగము చిట్లించెను. "రెండవ పుట నాది, ఈ ఆదివారం రాస్తాను" అని చెప్పితిమి. అప్పుడు మాత్రము కొంచెము ఆసక్తితో చూచెను.

ఇక ఆ పుస్తకము మాకు నేర్పిన సంగతులను మనవి చేయుదుము. బల్ల మీ కన్నుల యెదుట లేదు గనుక ఎత్తుల పట్టిక చదివి మిమ్ము విసిగింపము.

మొదటి సంగతి, ఆటను వ్రాయుట. ఇది కష్టమని చాలమంది తలంతురు. కష్టము కాదు. బల్లపై నిలువు వరుసలు ఎనిమిదింటికి ఎనిమిది అక్షరములు, అడ్డు వరుసలకు 1 మొదలు 8 వఱకు అంకెలు. అరువదినాలుగు గడులకును ఈ విధముగా అరువదినాలుగు పేర్లు ఏర్పడును. ఏ పావు ఏ గడికి పోయెనో వ్రాసిన చాలును. వ్రాయని ఆట మనసులో రెండు దినములు గూడ నిలువదు; నిలిచినను మనకు అనుకూలముగా మారిపోవును. మేము జ్ఞాపకమునుండి చెప్పుకొనుచుండిన పాత ఓటములలో తప్పు మాదిగా ఒక్కటియు లేదు. వ్రాసిన ఆటలలో తప్పు మాది కానిది ఒక్కటియు లేదు.

రెండవ సంగతి, కడపటి తప్పును గాక మొదటి తప్పును వెదకుట. దీనికొక ఉదాహరణము చెప్పుదుము. పుస్తకములో రెండవ పుటనున్న మా ఆటలో, ఇరుపక్షములకును ఒక్కొక్క ఏనుగు, కొన్ని బంట్లు మాత్రమే మిగిలినవి. మా రాజు కోటలో క్షేమముగా నుండెను. అతని ముందు మూడు బంట్లు కదలక నిలిచియుండెను. మాస్టారి బంటు ఒకటి కాపు లేక దొరకెను. ఆశపడి మా ఏనుగును పంపి దానిని చంపితిమి. మాస్టారి ఏనుగు మా మొదటి వరుసకు దిగెను. మా రాజు ప్రక్కకు పోలేడు. ముందునకు పోవుటకు తన బంట్లే అడ్డము. ఆటకట్టు.

"బంటు చంపుట తప్పు" అని వ్రాసి పుస్తకము మూయబోతిమి. మాస్టారు ఆపి, "అది తప్పే. కాని ఆ తప్పు ఎప్పుడు పుట్టిందో చూడు" అనిరి. ఆటను వెనుకకు నడిపితిమి. ఎనిమిది ఎత్తులకు ముందు మాకు చేయవలసిన తొందరపని యేదియు లేకుండెను. అప్పుడు మేము ఏనుగును ఊరక ఒక గడి జరిపి, మఱుసటి యెత్తున వెనుకకు తెచ్చితిమి. ఆ వ్యర్థమైన రెండెత్తులలో ఒకదానితో రాజు ముందరి బంటు నొకదానిని ఒక్క గడి జరిపియుండినచో, రాజునకు ఒక కిటికీ ఏర్పడియుండును. అప్పుడు బంటును చంపినను ప్రమాదము లేకుండెడిది.

మఱి ఆ కిటికీ ఏల తీయలేదు? ఇది మూడవ సంగతి: తప్పు ఏదియో తెలిసినంత చాలదు, అది మన మనస్సులో ఎట్లు పుట్టెనో తెలియవలెను. విచారించి చూడగా, చిన్నతనమున మాకు ఆట నేర్పిన పెద్దలు "రాజు ముందరి బంట్లను ముట్టరాదు" అని చెప్పియుండిరి. ఆటయొక్క తొలిదశకు అది మంచి మాటయే. మేము దానిని ఆట చివరిదాక మోసికొనిపోయితిమి. సగము నేర్చిన సూత్రము ఒక్కొక్కప్పుడు ఏమియు నేర్వకపోవుటకంటె చెఱుపు చేయును. ముప్పది యేండ్లుగా మాలో నున్న ఈ సగము సూత్రము మేము గెలిచిన ఏ ఆటలోను బయటపడలేదు. ఓడిన ఆటలోనే పట్టుబడెను.

మా అమ్మాయి చించిన కాగితము విషయమున గూడ ఇట్లే జరిగెను. దొరకని నాలుగవ ముక్క ఆట ముగింపు. ఆటకట్టు ఎట్లు జరిగెనో ఆమెకు గూడ సరిగా జ్ఞాపకము లేదు. "ఆఖరు లేదుగా, ఇంకేం చూస్తాం?" అనెను. అయినను ఉన్నంతవఱకు ఆడి చూచితిమి. ఏడవ యెత్తునుండి ఆమె ఒకే గుఱ్ఱమును మూడు మారులు కదిపి, ఒక బంటు వెంట పరుగెత్తించెను. ఆ మధ్యకాలమున రాజు కోట చేరక బల్ల నడుమనే నిలిచిపోయెను. ప్రతిపక్షపు పావులన్నియు అతని చుట్టును మూగినవి. ముగింపు పోయిన లోపము మాకెక్కడను కనబడలేదు. ఓటమి మొదలైన చోటు మిగిలిన ముక్కలలోనే యుండెను.

నాలుగవ సంగతి, గెలువవలసిన ఆటను గెలువలేకపోవుట. ఇట్టివానిని గూడ మేము ఈ పుస్తకముననే వ్రాసితిమి. ఒకనాడు మాస్టారి వైపున రాజు ఒక్కడే మిగిలెను. మా వైపున రాజును మంత్రియు నుండిరి. మాస్టారి రాజు మూలగడిలో నుండెను. సంతోషము పట్టలేక మంత్రిని ఆ మూలగడికి సరిగా గుఱ్ఱపు దాటు దూరమున నిలిపితిమి. రాజునకు షా లేదు. కదలుటకు గడి లేదు. నేటి నియమముల ప్రకారము అది గెలుపు కాదు, సరిసమానము. చేతికందిన గెలుపు సగము జారిపోయెను. ఆ పుటక్రింద ఇట్లు వ్రాసికొంటిమి: "గెలిచితిమని తలచిన క్షణమున ఎదుటివాని యెత్తును చూచుట మానితిమి." తరువాత లెక్కించి చూడగా, మా ఓటములలో సగమునకు మించి ఈ జాతివే. మేము ఓడినది మాకు తెలియని గొప్ప యుక్తులవలన కాదు. ఎదుటివారు కడపట వేసిన యెత్తు ఏల వేసిరో మేము అడుగుకొనకపోవుటవలన.

ఐదవ సంగతి, తెలియనిదానిని తెలియదని యొప్పుకొనుట. రాజును ఒకే బంటును మిగిలిన ఆటలలో బంటును మంత్రిగా మార్చుట సులభమని మేము నమ్మియుంటిమి. బంటును ముందు పరుగెత్తించి రాజును వెనుక నడిపించెడివారము. మాస్టారి రాజు వచ్చి బంటునకు ఎదురుగా నిలుచును, ఆట సమమగును. ఇట్లు మూడు మారులు జరిగిన పిమ్మట గాని, ఇది దురదృష్టము కాదు, అజ్ఞానమని తోచలేదు. రాజు ముందు నడచి దారి తీయవలెను, బంటు వెనుక రావలెను. రాజులిద్దరును నడుమ ఒక్క గడి విడిచి ఎదురెదురుగా నిలిచినపుడు, ఎత్తు వేయవలసిన వంతు ఎవరిదో వారే దారి ఈయవలసి వచ్చును. ఒక సాయంకాలము కూర్చుండి నేర్చికొనదగిన విద్య యిది. ఇరువది యేండ్లు నేర్వలేదు.

ఇదంతయు మా వంటి చిన్నవారి గోష్ఠి యని తలపవలదు. ఈ ఆటలో పెద్దవారు నడచిన దారియు ఇదియే.

పంజాబునందు పుట్టిన మీర్ సుల్తాన్ ఖాన్ మన దేశపు పాత పద్ధతి చదరంగములో ఆరితేరినవాడు. ఆ పద్ధతిలో బంటు మొదట గూడ ఒక్క గడియే నడచును. కోట కట్టు విధానమును వేరు. 1928లో అఖిల భారత విజేత యయ్యెను. 1929లో ఇంగ్లండుకు పోయెను. అక్కడ అతనికి అలవాటు కొఱకు ఏర్పాటు చేసిన ఒక చిన్న పోటీలో కడపటి స్థానమును మఱియొకరితో పంచుకొనవలసి వచ్చెను. అతనికంటె పైన నిలిచిన వింటర్, యేట్స్ అను ఇద్దరు ఆటగాండ్రే తరువాత అతనితో కూర్చుండి, పాశ్చాత్య పద్ధతిలోని ఆరంభపు టెత్తులను సాధన చేయించిరి. ఆ వేసవిలోనే సుల్తాన్ ఖాన్ బ్రిటిష్ ఛాంపియన్ అయ్యెను. 1932లోను 1933లోను మఱల ఆ పదవిని గెలిచెను. 1930-31 హేస్టింగ్స్ పోటీలో కాపాబ్లాంకాను ఓడించెను. అతడు 1966లో మరణించెను. 2024లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అతనికి గౌరవ గ్రాండ్ మాస్టర్ బిరుదము నిచ్చెను. అతని కథలో మమ్ము ఆకర్షించినది ఆ కడపటి స్థానము. దానినుండి లేచి తన్ను మించినవారి ప్రక్కనే కూర్చుండుట ఎందఱికి సాధ్యము?

ఆ కాపాబ్లాంకాయే 1916 మొదలు 1924 వఱకు ఎనిమిది సంవత్సరములు ఏ ముఖ్యమైన పోటీలోను ఒక్క ఆట గూడ ఓడనివాడు. 1921లో ప్రపంచ విజేత యయ్యెను. ఆ సంవత్సరముననే ఆట నేర్చువారికై ఒక పుస్తకము ప్రకటించెను. అందు ఉదాహరణములుగా నిచ్చిన తన ఆటలలో తాను ఓడినవానిని గూడ చేర్చి, ఎక్కడ చెడెనో వివరించెను. ఓటమియే ఎఱుగడని లోకము పొగడుచున్న దినములలో అతడు చేసిన పని యిది.

రష్యా దేశస్థుడైన బోట్వినిక్ ప్రపంచ విజేతగా నుండి 1957లో స్మిస్లోవ్ చేతిలో ఓడెను. మఱుసంవత్సరము తిరిగి అతనిని గెలిచెను. 1960లో తాల్ అను యువకుని చేతిలో నాలుగు పాయింట్ల తేడాతో ఓడెను. అప్పటికి బోట్వినిక్ కు నలువది తొమ్మిదవ యేడు నడుచుచుండెను. ఇక నితడు లేవడని చాలమంది తలచిరి. 1961లో ఐదు పాయింట్ల తేడాతో తాల్ ను ఓడించి పదవిని మఱల గైకొనెను. తన ఆటలను తానే నిష్పక్షపాతముగా పరిశీలించి ప్రకటింపవలెనని అతడు జీవితమంతయు శిష్యులకు బోధించుచుండెను. తన్ను ఓడించిన ఆటలను రెండు మారులు పాఠ్యగ్రంథముగా చేసికొన్నవాని బోధ గనుక దానికి బలము కలదు.

మనకు దగ్గఱి ఉదాహరణములును లేకపోలేదు. చెన్నపట్టణమున తెలుగు కుటుంబములో పుట్టిన గుకేశ్ 2024 ఏప్రిల్ నెలలో టొరంటోలో జరిగిన కాండిడేట్స్ పోటీలో ఏడవ ఆటను ఫిరౌజా చేతిలో, గడియారపు తొందరలో పోగొట్టుకొనెను. ఆ పోటీలో అతడు ఓడినది ఆ యాట యొక్కటే. తుదకు పోటీలో ప్రథముడుగా నిలిచెను. ఆ యేడే సింగపూరులో ప్రపంచ పదవికై డింగ్ లిరెన్ తో తలపడి మొదటి ఆటనే ఓడెను. పదునాలుగవ ఆటలో డింగ్, ఏనుగులను మార్చుకొనుటకు దారి యిచ్చి పొరబడెను. మిగిలిన రాజు, బంట్ల ఆటలో గుకేశ్ గెలిచి, పదునెనిమిదేండ్ల ప్రాయమున ప్రపంచ విజేత యయ్యెను. రాజు, బంట్ల ఆటను చిన్నచూపు చూడరాదని మేము మాస్టారి అరుగుమీద నేర్చితిమి. ప్రపంచ పదవియు దానిమీదనే తేలెను. గుడివాడ ఆడపడుచు కోనేరు హంపి 2024 డిసెంబరులో న్యూయార్కున జరిగిన మహిళల ప్రపంచ ర్యాపిడ్ పోటీని ఓటమితో ఆరంభించి, పదునొకండు ఆటలలో ఎనిమిదిన్నర పాయింట్లతో ముగించి విజేత యయ్యెను. మొదటి ఆట ఓడినవెంటనే ఆమె మనసున ఏమి యుండెనో మేమెఱుగము. రెండవ ఆటకు బల్ల ముందు కూర్చుండెనని మాత్రము ఎఱుగుదుము. మా అమ్మాయికి ఈ సంగతిని అనేక పర్యాయములు చెప్పితిమి.

ఇక నొక సందేహము. ఈ కాలమున తప్పులు చూపుటకు కంప్యూటర్లు కలవు గదా, ఈ పుస్తకము లేల, మాస్టారులేల అని యువకులు అడుగుదురు. యంత్రము మహా సమర్థమైనది; నేటి ప్రపంచ విజేతలు గూడ దాని ముందు నిలువలేరు. ఆటను దాని కందించినచో, తప్పైన యెత్తును నిమిషములో చూపును. దానిని వలదనము. కాని ఒక నియమము పెట్టుకొంటిమి. ముందు మేము స్వయముగా వెదకుదుము. పిదప ఎదుటి ఆటగానిని అడుగుదుము. కడపట యంత్రమును చూతుము. ముందే దానిని చూచినచో, "అవును, నాకు తెలుసు" అనిపించును; మఱుసటి వారము అదే తప్పు మఱల చేయుదుము. యంత్రము తప్పైన యెత్తును చూపగలదు. మేము ఆ యెత్తు వేయునపుడు ఆశపడితిమో, భయపడితిమో, ఏమఱితిమో దానికి తెలియదు. అది తెలిసినవారము మేమే. ఆ దినముననే వ్రాసికొననిచో మఱునాటికి మాకును తెలియదు.

ఎదుటివానిని అడుగుటయందు మఱొక లాభము కలదు. మమ్ము గెలిచినవారు మా ఆటను మాకంటె స్పష్టముగా చూచియుందురు. ఆట ముగిసినపిదప మాస్టారితో కూర్చుండి పావులను మఱల పేర్చుట మొదలుపెట్టిన తరువాత, ఇరువది యేండ్లలో ఆయన మాకు చెప్పని సంగతులు అనేకము చెప్పిరి. "ఇన్నాళ్లు చెప్పలేదేం మాస్టారూ?" అని అడుగగా, "పావులు కలిపేసేవాడివి కదా నాయనా, దేన్ని చూపించి చెప్పను?" అనిరి. దానికి మేము బదులు చెప్పలేకపోతిమి.

అయితే ప్రతి ఓటమియు పాఠమని చెప్పుట అతిశయోక్తి యగును. చేతిలోని ఫోనుమీద రాత్రి పడకమీద మూడేసి నిమిషముల ఆటలు ఇరువది ఆడి, పదునైదు ఓడి, కన్నులు మండుచు నిద్రించువానికి అవి నేర్పునది యేమియు లేదు. అందులో ఆలోచనయే లేనపుడు ఆలోచనలోని తప్పు ఎట్లు దొరకును? అట్లే, మనకంటె ఎంతయో మిన్నయైనవానితో ఆడి ఓడినపుడు, తప్పును వెదకి వెదకి మనసు కష్టపెట్టుకొనుటయు తగదు. ఆ దినమున అతడు మేలైన ఆట ఆడెను. చేతులు జోడించి రావలెను. మఱి యొక మాట. పిల్లలు ఓడి వచ్చిన వేళనే పాఠము చెప్పబూనరాదు. ముందు అన్నము పెట్టవలెను. తప్పు ఎక్కడికిని పారిపోదు; కాగితము చింపనిచో మఱునాడు గూడ అక్కడనే యుండును. ఈ చిన్న సంగతి మాకు తెలియక, మొదటి దినములలో ఒకటి రెండు మారులు అమ్మాయిని ఏడిపించితిమి. అప్పుడు మా యింటివారు కలుగజేసికొని, "మీ ఆఫీసు మీటింగు ఇంట్లో పెట్టకండి" అని మందలించిరి. అదియును పుస్తకమున వ్రాసికొనదగినదే.

చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట వ్యర్థమని లోకమున సామెత కలదు. చదరంగములో మాత్రము చేతులు కాలిన ఆట మఱల మఱల వచ్చును. ఆకులు ఏ చెట్టున నున్నవో ముందుగా చూచుకొనుటకు అవకాశ ముండును. జీవితమున అన్ని విషయములలో ఇట్టి యవకాశము దొరకదు. కనుకనే దొరకిన చోట దానిని చెఱుపుకొనరాదు.

పుస్తకము మొదలుపెట్టి రెండేండ్లు దాటినది. మేము మాస్టారిని ఓడించుచున్నామా యని మీరు అడుగవచ్చును. ఇప్పుడు నాలుగు ఆటలలో ఒకటి గెలుచుచున్నాము. ఆయనకు వయసు పైబడుట దీనికి కొంత కారణమేమోయని అనుమానము కలదు. ఆ మాట ఆయనతో అనగా, "నా ఓటమికి కారణం నేను వెతుక్కుంటాను, నువ్వు చెప్పక్కర్లేదు" అని కోపగించిరి.

గత నెలలో అమ్మాయి మఱొక పోటీకి పోయెను. మేము విధులలో నుండి పోలేకపోతిమి, వాళ్లమ్మ తీసికొనిపోయెను. రాత్రి మేము ఇల్లు చేరునప్పటికి భోజనములు ముగిసినవి. చాపమీద బల్ల పఱచియుండెను. దాని ప్రక్కన మడత పడని కాగిత మొకటి యుండెను. దానిని చూడగనే ఓడినదని తెలిసెను. అడుగలేదు. ఆమెయే చెప్పెను: "పదమూడో ఎత్తు దాకా చూశాను నాన్నగారూ. అక్కడ ఏదో ఉంది, దొరకడం లేదు. మీరు భోంచేసి రండి, ఇద్దరం చూద్దాం."

భోజనము చేసి వచ్చి కూర్చుంటిమి.